గొయ్యి పూడ్చకముందే లోతు చూడనివ్వండి: కొవ్వాడ అణు విద్యుత్ కేంద్రంపై బహిరంగ లేఖ

అణుశక్తి నియంత్రణ మండలి అధ్యక్షుల వారికి,
అణు విద్యుత్ కార్పొరేషన్ అధికారులకు,
శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కలెక్టర్లకు,

నమస్కారం.

నేను రణస్థలం మండలంలో ఉంటాను. కరెంటు డిపార్ట్‌మెంటులో హెల్పర్‌గా చేరి, లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యాను. కొవ్వాడలో రాబోయే అణు విద్యుత్ కేంద్రం భద్రత గురించి ఏడాదిన్నరలో మూడు అర్జీలు పెట్టాను. మొదటిదానికి జవాబే లేదు. రెండోదాన్ని పై ఆఫీసుకు పంపామన్నారు, ఏ పై ఆఫీసో చెప్పలేదు. మూడోదానికి ఫోనుకు మెసేజ్ వచ్చింది, మీ అర్జీ పరిష్కరించబడినది అని. నేను అడిగినవి నాలుగు కాగితాలు. ఒక్కటీ చేతికి రాలేదు. ఎక్కడా పేర్లు పెట్టి ఎవరినీ నిందించను. కౌంటర్లో కూర్చున్న ఉద్యోగికి కూడా నాకు తెలిసినంతే తెలుసు. అందుకే ఈసారి అర్జీ కాకుండా అందరూ చదివేలా ఉత్తరం రాస్తున్నాను.

ముందే ఒక మాట చెప్పాలి. ప్లాంటు వద్దని నేను రాయడం లేదు. కావాలని కూడా రాయడం లేదు. ఆ వాదన మా దగ్గర పదిహేనేళ్లకు పైగా నడుస్తోంది. ఒకే ఇంట్లో అన్న ఒకవైపు, తమ్ముడు ఇంకోవైపు ఉన్నారు. భూమి ఇచ్చి డబ్బు తీసుకున్నవాళ్లున్నారు, తీసుకున్న డబ్బు అయిపోయినవాళ్లూ ఉన్నారు. నా ప్రశ్న ఒక్కటే. కడుతున్నప్పుడు పని చూసేదెవరు? వాళ్లు ఏం చూశారో మాకు చెప్పేదెవరు?

ఈ ప్రశ్న నాకు ఎక్కడ పుట్టిందో చెబుతాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. లైన్లు నిలబెట్టడానికి మా గ్యాంగును ఉద్దానం పంపారు. కొబ్బరి, జీడి చెట్లు రోడ్డుకు అడ్డంగా పడి లారీ కదలదు. గొడ్డళ్లతో కొట్టుకుంటూ వెళ్లాం. ఒక ఊరి బయట వరసగా ఐదు స్తంభాలు పడున్నాయి. విరగలేదు, మొదలంటా లేచి వచ్చేశాయి. స్తంభం ఎంతవరకు భూమిలో ఉందో మట్టి మరక చెబుతుంది. పొడవులో ఆరో వంతు భూమిలో ఉండాలన్నది మా పనిలో మొదటి పాఠం. ఎనిమిది మీటర్ల స్తంభమైతే సుమారు నాలుగున్నర అడుగులు. టేపు పెట్టి కొలిచాను. రెండడుగుల తొమ్మిది అంగుళాలు. పక్క స్తంభం మూడడుగులు. "గొయ్యి తీసినోడు మజ్జెలో అన్నానికెల్లిపోనాడేటి సార్" అన్నాడు మా కుర్రాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఎం.బుక్కు, అంటే చేసిన పని కొలతలు రాసే పుస్తకం, గుర్తొచ్చింది. అందులో లోతు సరిగ్గానే రాసుంటుంది, సంతకాలూ ఉంటాయి. పని చేసినవాడు, కొలిచినవాడు, బిల్లు పాసు చేసినవాడు అందరూ ఒకే గొడుగు కింద ఉన్నప్పుడు, పూడ్చేసిన గొయ్యి లోతు తుపానుకు తప్ప ఎవరికీ తెలియదు.

స్తంభం పడితే ఊరు వారం పది రోజులు చీకట్లో ఉంటుంది, తర్వాత లేచి నిలబడుతుంది. కొవ్వాడలో పోయబోయే కాంక్రీటు సంగతి వేరు. అక్కడ రావాల్సినవి ఆరు రియాక్టర్లు, ఒక్కొక్కటి 1,208 మెగావాట్లు, మొత్తం 7,248. అమెరికా వెస్టింగ్‌హౌస్ కంపెనీ ఏపీ1000 డిజైన్. మొదట వేరే కంపెనీ రియాక్టర్లు అన్నారు. గుజరాత్‌లోని మీఠీవిర్ది దగ్గర పెట్టాల్సిన ఈ ఏపీ1000లను, అక్కడి రైతులు ఒప్పుకోకపోయాక, 2016లో మా వైపు తిప్పారు. మరుసటి ఏడాదే వెస్టింగ్‌హౌస్ దివాలా పిటిషన్ వేసింది, తర్వాత కోలుకుంది. ఇవన్నీ పేపర్లో చదువుకున్నవే. ఏ ఆఫీసూ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పినవి కావు.

ఇదే డిజైన్ అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో వోగల్ అనేచోట కట్టారు. మూడో యూనిట్ 2023 జులైలో, నాలుగోది 2024 ఏప్రిల్‌లో ఉత్పత్తిలోకి వచ్చాయి. 1,400 కోట్ల డాలర్లన్న ఖర్చు 3,000 కోట్ల డాలర్లు దాటింది. ఏడేళ్లు ఆలస్యమైంది. పక్క రాష్ట్రంలో ఇవే రియాక్టర్లు రెండు మొదలుపెట్టి, సుమారు 900 కోట్ల డాలర్లు పోశాక 2017లో వదిలేశారు. అక్కడ వాటిని కట్టించిన కరెంటు కంపెనీ మాజీ అధిపతి జైలుకు కూడా వెళ్లాడు. డబ్బు సంగతి అలా ఉంచండి. నన్ను ఆపేసింది వేరే విషయం. 2021లో వోగల్ మూడో యూనిట్‌లో వాళ్ల నియంత్రణ సంస్థ ప్రత్యేక తనిఖీ చేసింది. భద్రతకు సంబంధించిన కేబుళ్లను ఒకదానికొకటి దూరంగా ఉంచాల్సినచోట ఉంచలేదని తేల్చింది. ఒక లైను కాలిపోతే రెండోది పనిచేయాలి కదా, అందుకే ఆ దూరం. రెండూ పక్కపక్కనే పోతే రెండోది ఉండీ లేనట్టే. కరెంటు పని చేసినవాడికి ఇది ఎంత పెద్ద తప్పో ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

అంత అనుభవం ఉన్న దేశంలోనూ తప్పు జరిగింది. జరుగుతుంది కూడా, మనుషులు చేసే పని. కానీ ఆ తనిఖీ రిపోర్టు బయట పెట్టారు, ఎవరైనా చదువుకోవచ్చు. ప్రతి ప్లాంటులో నియంత్రణ సంస్థ మనిషి మకాం ఉండి రోజూ చూస్తాడు. రేపు కొవ్వాడలో కేబుళ్లు అలాగే వేస్తే, ఆ సంగతి కోటపాలెం రైతుకు ఏ కాగితంలో కనబడుతుంది?

మన దేశంలో ఎలా జరిగిందో తమిళనాడు కూడంకుళం చూపించింది. 2012లో కేంద్ర సమాచార కమిషన్ భద్రతా విశ్లేషణ నివేదిక ఇమ్మని ఆదేశిస్తే, కార్పొరేషన్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. 2013 ఏప్రిల్‌లో, అంటే మొదటి యూనిట్ మొదలవడానికి మూడు నెలల ముందు, నాలుగు వాల్వులు సరిగా పనిచేయడం లేదని నియంత్రణ మండలే ఒప్పుకుంది. వాటిని సరిచేశారు, సంతోషం. అప్పటిదాకా అడిగినవాళ్లను మాత్రం అభివృద్ధి నిరోధకులన్నారు. ఆ మే 6న సుప్రీంకోర్టు ప్లాంటుకు అనుమతిస్తూనే 15 ఆదేశాలు ఇచ్చింది. ప్రజలతో కలిసి అత్యవసర డ్రిల్లులు జరపడం వాటిలో ఉంది.

మండలి గురించి కూడా గౌరవంగానే ఒక మాట. మీరు 1983 నవంబరులో ఏర్పడ్డారు. మీరు రిపోర్టు చేసే అణుశక్తి సంఘానికి అధ్యక్షుడు, కార్పొరేషన్‌ను నడిపే శాఖ కార్యదర్శి ఒకరే. దీన్ని 2012లో కాగ్ తప్పుపట్టింది. నిబంధనలు మీరితే అప్పట్లో వేయగలిగిన గరిష్ఠ జరిమానా 500 రూపాయలేనని కూడా ఆ రిపోర్టులోనే ఉంది. హెల్మెట్ లేకుండా రణస్థలం జంక్షన్ దాటితే అంతకంటే ఎక్కువ పడుతుంది. 2025 డిసెంబరులో వచ్చిన కొత్త చట్టం మీకు చట్టబద్ధ హోదా ఇచ్చింది. మంచిదే. అదే చట్టం ఇంకో పని చేసింది. నాసిరకం సామాను వల్ల ప్రమాదం జరిగితే సరఫరా చేసిన కంపెనీని పట్టుకునే వీలు 2010 చట్టంలో ఉండేది. ఇప్పుడు ఒప్పందంలో రాసుకుంటే తప్ప ఆ వీలు లేదు. ఒప్పందంలో ఏం రాస్తారో మాకు తెలియదు. కాబట్టి మాకు మిగిలింది ఒక్కటే, కడుతున్నప్పుడే చూసుకోవడం.

మేం అడిగేవి ఇవీ.

1. అనుమతులు తెలుగులో, దశల వారీగా. స్థలం, తవ్వకం, మొదటి కాంక్రీటు, పెద్ద యంత్రాల బిగింపు, చివరికి నడపడం: ప్రతి దశకూ మీరు వేరుగా అనుమతి ఇస్తారు. ప్రతిదానికీ షరతులు పెడతారు. ఆ షరతులేమిటో, తనిఖీలో ఏ లోపం దొరికిందో, దాన్ని ఎప్పటికి సరిచేశారో ముప్పై రోజుల్లో తెలుగులో బయట పెట్టాలి. పంచాయతీ ఆఫీసు గోడకు అంటించినా చాలు. ప్లాంటు రక్షణకు సంబంధించిన రహస్యాలు మాకొద్దు. కాంక్రీటు గట్టిదనం ఎంత వచ్చిందన్నది దేశ రహస్యం కాదు. సరఫరాదారు బాధ్యతను ఒప్పందంలో రాసుకున్నారో లేదో కూడా అందులో చెప్పండి.

2. కొవ్వాడలోనే మకాం ఉండే తనిఖీ అధికారి. ముంబై నుంచి విమానంలో వచ్చి, గెస్ట్‌హౌస్‌లో భోంచేసి, సాయంత్రానికి వెళ్లిపోయేవారు కాదు. కాంక్రీటు పోసే రాత్రి కూడా అక్కడ ఉండేవారు. నా అనుభవంలో మోసం జరిగేది ఎక్కువగా రాత్రి పనిలోనే.

3. స్థానిక సంఘం. ఫ్రాన్సులో ప్రతి అణు కేంద్రం దగ్గర స్థానిక సమాచార సంఘం ఉంటుంది. 2006 నుంచి దానికి చట్టం అండ కూడా ఉంది. ఎన్నికైన ప్రతినిధులు, కార్మిక సంఘాలు, పర్యావరణ సంఘాలు, నిపుణులు అందులో కూర్చుంటారు, యాజమాన్యం వాళ్లకు జవాబు చెప్పాలి. ఇక్కడా అలాంటిది పెట్టండి. సర్పంచులతో పాటు మత్స్యకారులు, మహిళా సంఘాల వాళ్లు, ఒక డాక్టరు, ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి ఒకరిద్దరు ఇంజినీర్లు ఉండాలి. సంఘం అడిగితే బయటి నిపుణుడిని తెచ్చుకునే డబ్బు ఉండాలి. చాయ్ బిస్కెట్ల మీటింగైతే వద్దు, అవి చాలా చూశాం.

4. మూడు రోజుల తర్వాత ఏమిటి? దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టండి. ఫుకుషిమాలో 2011 మార్చి 11న భూకంపానికి బయటి కరెంటు పోయింది, సునామీకి డీజిల్ జనరేటర్లు మునిగిపోయాయి. రియాక్టర్ ఆగినా వేడి పుట్టడం వెంటనే ఆగదు, చల్లబరిచేందుకు కరెంటు లేదు. ఏపీ1000లో ఆ ఇబ్బంది లేకుండా భవనం నెత్తిన పెద్ద నీళ్ల ట్యాంకు పెట్టారు. కరెంటు లేకపోయినా నీళ్లు వాటంతటవే కిందికి జారుతూ 72 గంటలు చల్లబరుస్తాయి. తెలివైన ఏర్పాటే, కాదనను. ఆ 72 గంటలు దాటాక ట్యాంకులోకి మళ్లీ నీళ్లెక్కించాలి. దానికి పంపు కావాలి, డీజిల్ కావాలి, మనుషులు కావాలి, వాళ్లు రావడానికి రోడ్డు కావాలి. తిత్లీ తర్వాత ఉద్దానంలో చాలా ఊళ్లకు మూడు రోజుల్లో కరెంటు రాలేదు. సెల్ టవర్లు పడుకున్నాయి. నేను బతికున్నానని మా ఇంట్లో వాళ్లకు చెప్పడానికి రెండు రోజులు పట్టింది. 2014లో హుద్‌హుద్ విశాఖలాంటి నగరాన్నే అలా చేసింది. 2021లో గులాబ్ కళింగపట్నం దగ్గర దాటింది. మా తీరానికి తుపాను ఏటా వచ్చే చుట్టం. కాబట్టి నాలుగో రోజు ప్రణాళిక చూపించండి. ఏ రోడ్డు మీద వస్తారు, చెట్లు ఎవరు కొడతారు, డీజిల్ ఎక్కడ దాస్తారు? ఆరు రియాక్టర్లకూ ఒకేసారి కావాల్సివస్తే సరిపోతుందా?

5. సైరన్. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ గ్యాస్ లీకై పన్నెండు మంది పోయారు. ఫ్యాక్టరీలో 36 చోట్ల నుంచి సైరన్ మోగించే వీలుండీ ఒక్కటీ మోగలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీయే తేల్చింది. జనం నిద్రలోంచి లేచి, ఎటు పరిగెత్తాలో తెలియక పరిగెత్తారు. కొవ్వాడ చుట్టూ 16 కిలోమీటర్ల అత్యవసర ప్రణాళికా ప్రాంతం గీస్తే రణస్థలం లోపలే, పైడిభీమవరం లోపలే. గీత విజయనగరం జిల్లా పూసపాటిరేగ మండలం వైపు కూడా పోతుంది. అందుకే ఈ లేఖ ఇద్దరు కలెక్టర్లకూ రాశాను. పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీల్లో షిఫ్టు మారే వేళ హైవే మీద ఒక్క లారీ ఆగితే ఏమవుతుందో అక్కడి ట్రాఫిక్ కానిస్టేబుల్‌ని అడగండి. పగలు గాలి సముద్రం మీంచి ఊళ్ల వైపు తోలుతుంది. ఏ ఊరివాళ్లు ఎటు వెళ్లాలి, ఏ బస్సులో, బడి పిల్లల్ని ఎవరు తీసుకెళ్తారు, రేడియేషన్ నుంచి థైరాయిడ్‌ను కాపాడే అయోడిన్ మాత్రలు ఏ ఆసుపత్రిలో ఉంటాయి: ఇవి నిర్మాణం మొదలయ్యేలోపే తెలుగులో అచ్చేసి ఇంటింటికీ ఇవ్వాలి. రెండేళ్లకోసారి చేసే డ్రిల్లు ఆఫీసర్లు, ఫొటోగ్రాఫర్లతో కాకుండా జనంతో చేయాలి.

6. ఆరోగ్యం, సముద్రం లెక్క ముందే తీయాలి. ఉద్దానంలో కిడ్నీలు ఎందుకు పోతున్నాయో ఇన్నేళ్లుగా పరిశోధిస్తున్నా తేలలేదు. పలాసలో పెద్దాసుపత్రి వచ్చింది, డయాలసిస్ జరుగుతోంది, కారణం మాత్రం దొరకలేదు. జబ్బు ముదిరాక లెక్కలు మొదలుపెడితే అంతే. అదే జిల్లాలో ఉంటున్నాం కాబట్టి అడుగుతున్నాం. ఇప్పుడే, ప్లాంటు లేనప్పుడే, చుట్టుపక్కల ఊళ్లలో క్యాన్సర్, థైరాయిడ్, కిడ్నీ కేసుల లెక్క తీయించండి. బావి నీళ్లు, పాలు, చేపలు పరీక్ష చేయించండి. మీరు చెప్పినట్టు ఏ ప్రమాదమూ లేకపోతే, రేపు ఎవరైనా ఉత్తినే నింద వేసినప్పుడు ఆ లెక్కే మిమ్మల్ని కాపాడుతుంది.

సముద్రం సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్లున్నారు. కిందటి నెల కొవ్వాడ ఒడ్డున చేపలు ఎండబెడుతున్న ఒక అప్ప నన్ను నిలేసింది. "ఏడి నీల్లు సంద్రంలోకి ఒగ్గీస్తారంట కదా బావూ. మరి సేపలు ఉంటాయేటి, ఎల్లిపోవా?" ఆవిరిని చల్లార్చే కండెన్సర్ నుంచి వదిలే నీళ్లు తీసుకున్న నీళ్ల కంటే ఏడు డిగ్రీలకు మించి వేడిగా ఉండకూడదని రూలుందని చెప్పాను. "ఆ ఏడు డిగ్రీలు ఎవులు సూత్తారు?" అంది. నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉంటే చెప్పండి. ఆమె కొడుకు గుజరాత్ వీరావల్‌లో బోటు మీద పనికి వెళ్లాడు. ఇక్కడ వేట సరిగా లేకే వెళ్తున్నారు. 2018లో అలా వెళ్లిన మన రెండు జిల్లాల కుర్రాళ్లు పాకిస్థాన్‌కు చిక్కి, 2020 జనవరిలో గానీ ఇళ్లకు రాలేదు. ఉన్న చేప కూడా పోతే ఇంకెంతమంది వెళ్లాలో.

7. కూలీల లెక్క. పని మొదలైతే ఒడిశా, బిహార్ నుంచి వేలమంది వస్తారు, మా కుర్రాళ్లూ కాంట్రాక్టు కింద చేరతారు. దెబ్బ తగిలినవాళ్ల, చనిపోయినవాళ్ల వివరాలు నెలనెలా బోర్డు మీద రాయాలి. లోపం చూపించిన కూలీని పనిలోంచి తీయకూడదు. ఫిర్యాదు నేరుగా మండలికి చేరే ఫోన్ నంబరు తెలుగు, ఒడియా, హిందీ తెలిసినవాళ్లు ఎత్తేలా ఉండాలి. గొయ్యి ఎంత లోతో తవ్వినవాడికే ముందు తెలుస్తుంది.

8. ప్రజాభిప్రాయ సేకరణ. పర్యావరణ అనుమతికి ముందు జరిపే సభకు చట్టప్రకారం ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, తెలుగులో సారాంశం ఇవ్వాలి. సారాంశంతో సరిపెట్టొద్దు, మొత్తం నివేదిక తెలుగులో కావాలి. సభ దగ్గర జనం కంటే పోలీసులు ఎక్కువ ఉండకూడదు. ఈ జిల్లాలో 2010లో సోంపేట, 2011లో కాకరాపల్లి చూశాం. థర్మల్ ప్లాంట్ల మీద అడిగినవాళ్లకు తుపాకులు జవాబిచ్చాయి. ఆ ఊళ్లలో ఆ ఏడుపు ఇంకా ఆరలేదు.

ఇవన్నీ ఖర్చుతో కూడినవే. వేల కోట్లు పోసే చోట పంచాయతీ గోడకు కాగితం అంటించడం, ఒక అధికారికి కొవ్వాడలో ఇల్లు చూడడం మోయలేని ఖర్చేమీ కాదు. సంఘంలో కూర్చోవడానికి నేను రెడీ. జీతం అక్కర్లేదు, బస్సు చార్జీ నేనే పెట్టుకుంటాను. నాకంటే చదువుకున్నవాళ్లు మా మండలంలోనే చాలామంది ఉన్నారు. వాళ్లను పిలిచినా సరే.

నాలుగో అర్జీ రాసి ఉంచాను. వచ్చే సోమవారం కౌంటర్లో ఇస్తాను. దానికి మెసేజ్ పంపొద్దు, పైన అడిగిన ఎనిమిదింటిలో ఏవి ఇస్తారో, ఏవి ఇవ్వరో, ఎందుకివ్వరో కాగితం మీద రాసి, కింద పేరు, హోదా, తేదీ వేసి ఇవ్వండి.

ఇట్లు,
రిటైర్డ్ లైన్ ఇన్‌స్పెక్టర్,
రణస్థలం మండలం, శ్రీకాకుళం జిల్లా